పూటకూళ్లవానికిచ్చిన రెండు దేనారములు
(రేడియో ప్రసంగ పాఠము)



1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుండి మన జిల్లాల బిడ్డలెందరో మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి హాస్టళ్లకు చేరారు. వారిలో ఒకడు ఆరాధన ముగిసాక నా యొద్దకు వచ్చాడు. పేరు చెప్పను, అతని అనుమతితోనే ఇది చెప్తున్నాను.

"అయ్యగారూ, నాకు ఆడపిల్లల మీద మనసు పోదండి. ఇంట్లో తెలియదు. ఫోనులో పరిచయమైన మగవాళ్ల గదులకు వెళ్తున్నాను. మొదట మందు, ఇప్పుడు ఐస్ అనే మత్తు కూడా. అవి లేకపోతే నా సిగ్గు, భయం పోవండి. ఇప్పుడు రోజూ పొద్దున్నే తాగాల్సి వస్తోంది" అన్నాడు.

నేను మొదటి మాట విన్నాను, చివరి మాట వినలేదు. స్వలింగ ఆకర్షణను గూర్చి అరగంట వాక్యము చెప్పి, మూడు దినములు ఉపవాసముండమన్నాను. పాపం, అతడు నమ్మి ఒక్కసారిగా తాగుడు మానాడు. రెండవ రాత్రి ఫిట్స్ వచ్చాయి. తోటి కుర్రవాడు ఆసుపత్రిలో చేర్చాడు. రోజూ బాగా తాగేవారు హఠాత్తుగా మానితే ప్రాణమే పోవచ్చునని వైద్యుడు చెప్పగా నాకు నోట మాట రాలేదు. సేవకులారా, దయచేసి ఇది గుర్తుంచుకోండి.

లూకా 10వ అధ్యాయములోని సమరయుడు గాయపడినవానిని నీవెవరవని అడగలేదు. గాయములు కట్టి, పూటకూళ్లవానికి రెండు దేనారములిచ్చి అప్పగించి, మరల వస్తానన్నాడు. నేనైతే ప్రార్థన చేశాను గాని ఆటో పిలవలేదు.

తల్లిదండ్రులు కేసు భయముతో బిడ్డను దాచిపెడతారు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టములో 64ఎ సెక్షను ఉంది. మత్తు వాడినందుకో, కొద్దిపాటి సరుకు దొరికినందుకో కేసు పడిన వ్యసనపరుడు ప్రభుత్వ గుర్తింపు గల చోట తానుగా వచ్చి చికిత్స పూర్తిచేసుకుంటే, ఆ నేరమునకు శిక్ష తప్పుతుంది. సహాయానికి 14446కు ఫోను చేయవచ్చును, ఖర్చు లేదు. సూది పంచుకొని ఉంటే ఆలస్యము చేయక ఆసుపత్రికి వెళ్లాలి. 72 గంటలలోగా మందులు మొదలుపెడితే హెచ్.ఐ.వి. సోకకుండా ఆపే అవకాశముంది.

"మా వాడి మనసు మార్చే డాక్టరున్నాడా?" అని ఒక తల్లి నన్నడిగింది. అమ్మా, అటువంటి చికిత్స చేయుట వైద్యులకు తగని పని అని 2022లో జాతీయ వైద్య కమిషనే చెప్పింది. మత్తుకు మాత్రము చికిత్స ఉంది.

ఆ కుర్రవాడు తరువాత రెండుసార్లు మళ్లీ పడ్డాడు. రెండుసార్లూ నాకే ఫోను చేశాడు. ఈసారి ఆటోలో నేనూ ఎక్కాను. ఆదివారములలో ఇప్పటికీ చివరి వరుసలోనే కూర్చుంటాడు.

ప్రార్థన చేసుకొందాము.