ఇచ్చే చేయి కనబడనీయండి



తన పరిచారిక కాన్పులో సరైన వైద్యం అందక కన్నుమూసిందని నిలోఫర్ రాకుమారి తల్లడిల్లారు. ఆ బాధలోంచి పుట్టిందే హైదరాబాదు రెడ్ హిల్స్‌లో 1953లో వెలసిన నిలోఫర్ ఆసుపత్రి.

సర్కారు దవాఖానాలో వైద్యం ఉచితమే. కాని బిడ్డ పక్కన కూర్చున్న తల్లి తిండికి, బస్సు ఛార్జీలకు, పోయిన కూలికి ఎవరిస్తారు? తలసీమియా బిడ్డకైతే రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. అందుకే పిల్లల వైద్య సహాయ నిధికి మేము ఈ వేదిక మీదే విరాళం ఇస్తున్నాము.

"గుప్తదానం మేలు కదా, మైకులో చెప్పడమేమిటి?" అని కొందరు అడిగారు. నిజమే. బాహాటంగా ఇచ్చినా మంచిదేనని, గుప్తంగా బీదలకిస్తే మరింత మేలని ఖురాన్ బోధ. పేరు కోసమైతే వద్దే వద్దు. కాని ఒకరిని చూసి పదిమంది జేబులో చెయ్యి పెడతారంటే చెప్పి తీరవలసిందే. దాచవలసింది పుచ్చుకునేవారి పేరు. అది మా లెక్కల పుస్తకం దాటి రాదు. జకాత్ పద్దు వేరు, సదఖా పద్దు వేరు.

పది రూపాయలైనా సరే, డబ్బు లేకుంటే రక్తమైనా సరే, ముందుకు రండి. ఏ మతం బిడ్డయినా బిడ్డే. అల్లాహ్ మనందరి దానాలను స్వీకరించుగాక. ఆమీన్.