పారాలీగల్ సర్టిఫికేటు: వ్యయమెంత, ఫలమెంత?

(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



ఈ మహాసభకు వచ్చిన తీర్మానములలో ఒకదానిని గూర్చి నాలుగు మాటలు విన్నవింప కార్యదర్శిగారు నన్ను నియోగించిరి. పారాలీగల్ సర్టిఫికేటు కోర్సు చదువగోరు మన యువజనులకందఱకును విద్యానిధినుండి పూర్తి రుసుము చెల్లింపవలెనని ఆ తీర్మానము. ఉద్దేశము మంచిదే. అయినను ఆ నిధిలోని ధనము మగ్గపు గుంటలో కాళ్లు పెట్టుకొని నేసినవారు రూపాయి రూపాయిగా సమర్పించినది. దానిని వెచ్చించుటకు ముందు లెక్క చూచుకొనుట మన విధి.

మొట్టమొదట ఈ సర్టిఫికేటు ఏమి కాదో తెలిసికొందము. 1961వ సంవత్సరపు అడ్వకేట్ల చట్టము ననుసరించి న్యాయవాదిగా పేరు నమోదైనవారికే న్యాయవాదవృత్తి చేయు హక్కు కలదు. న్యాయస్థానమువారు ఏదేని యొక వ్యాజ్యమున వేఱొకరికి ప్రత్యేకముగా అనుమతి నీయవచ్చును గాని, అది సర్టిఫికేటువలన వచ్చు హక్కు గాదు. ఇంటర్మీడియటు తరువాత అయిదేండ్లు గాని, పట్టభద్రులయిన తరువాత మూడేండ్లు గాని చదువవలసిన న్యాయశాస్త్రములో ఈ కోర్సు ఒక్క దినమునైనను తగ్గింపదు. కొన్ని ప్రకటనపత్రములు ఈ సంగతిని చిన్న అక్షరములలోనైనను ముద్రింపవు.

పూర్వము మెట్లు వేఱుగా నుండెను. టంగుటూరి ప్రకాశం పంతులుగారు రాజమహేంద్రవరమున సెకండుగ్రేడు ప్లీడరుగా వృత్తి చేసి, పిదప ఇంగ్లండుకేగి బారిష్టరై వచ్చి మద్రాసు హైకోర్టులో వాదించిరి. ఆ సెకండుగ్రేడు పరీక్ష చిన్నదే యైనను క్రింది కోర్టులో నిలిచి వాదించు అధికారము నిచ్చెడిది. నేటి సర్టిఫికేటు అట్టి అధికారము నీయదు. రెండును ఒకటే యని మన పెద్దలు కొందఱు భ్రమపడుచున్నారు. నేనును ఒకప్పుడట్లే భ్రమపడితిని.

ఇక లెక్క. నేను చెప్పు అంకెలు ఊహకొఱకు పెట్టుకొన్నవి. ఎవరి అంకెలు వారు వేసికొనవచ్చును. కోర్సు రుసుము ముప్పదివేల రూపాయలనుకొందము. పట్టణమున గదికిని, భోజనమునకును నెలకు ఆఱువేల చొప్పున పది నెలలకు అఱువదివేలు. ఆ పది నెలలు ఇంటనుండి పని చేసినచో నెలకు పదివేల చొప్పున వచ్చెడి లక్ష రూపాయలు రావు. చూచితిరా, రుసుము ముప్పదివేలే గాని వ్యయము లక్షా తొంబదివేలు! చదువు ముగిసిన పిమ్మట వకీలుగారి కార్యాలయమున నెలకు మూడువేలు అధికముగా దొరికినను, ఆ సొమ్ము తిరిగి చేతికి వచ్చుటకు అయిదేండ్ల మూడు నెలలకు పైగా పట్టును. అదే కోర్సును కొలువు మానకుండ దూరవిద్యద్వారా చదివినచో ముప్పదివేలే వ్యయము. పది నెలల అధికవేతనముతో తీఱిపోవును. ఒకే సర్టిఫికేటు ఒకరికి నష్టము, మఱియొకరికి లాభము.

నా తమ్ముని కుమార్తెను పట్టణమునందలి యొక సంస్థలో చేర్పించినవాడను నేనే. ‘కోర్టు ఉద్యోగము తప్పక వచ్చును’ అని అచ్చటివారు చెప్పిరి; నేను నమ్మితిని. మా మఱదలు గాజులు తాకట్టు పెట్టెను. సర్టిఫికేటు వచ్చినది, కోర్టు ఉద్యోగము రాలేదు. కోర్టు కొలువులకు నియామక ప్రకటన, పరీక్ష, వేఱు అర్హతలు కలవని ముందుగా విచారింపకపోవుట నా తప్పు. ఆ పిల్ల ఒక న్యాయవాదివద్ద టైపు పనికి కుదిరెను. గాజులు విడిపించుటకు రెండేండ్లు పట్టెను. ఆ రెండేండ్లు నేను వారి యింటికి పోవునపుడు మఱదలి చేతులవైపు చూడలేకపోయితిని.

కాని కథలో రెండవ భాగము కూడ చెప్పకున్న అన్యాయమగును. మా వీధిలో ఒక నేతకారుడు మరణించెను. ఆయన బ్యాంకు సొమ్ము కొఱకు భార్య తిరుగుచుండగా, ఒక దళారి ‘కోర్టునుండి వారసత్వ సర్టిఫికేటు తేవలెను’ అని చెప్పి పెద్ద మొత్తమడిగెను. మా పిల్ల పాసుపుస్తకము తెఱచి చూచి, నామినీ నమోదైయున్నదని గుర్తించెను. నామినీ యున్నచోట బ్యాంకువారు సామాన్యముగా ఆ సర్టిఫికేటు నడుగరాదు. మరణ ధ్రువపత్రము జతపఱచి తానే దరఖాస్తు వ్రాసి యిచ్చెను. సొమ్ము వచ్చెను. ఈ లాభమును నా పైలెక్కలో ఏ గడిలో వ్రాయవలెనో నాకు తెలియదు. అది చదివినవారికి వచ్చినది కాదు, వీధికి వచ్చినది.

అట్టి జ్ఞానమునకు డబ్బు పెట్టియే తీరవలెనా? 1987వ సంవత్సరపు న్యాయసేవాధికార సంస్థల చట్టము 1995 నవంబరు 9 నుండి అమలులోనికి వచ్చినది. దాని క్రింద ఏర్పడిన జాతీయ సంస్థ 2009లో పారాలీగల్ వాలంటీర్ల పథకము నారంభించెను. జిల్లా సంస్థలవారు ఎంపికైనవారికి రుసుము లేకుండ శిక్షణ నిత్తురు. అంగన్‌వాడీ కార్యకర్తలు, విశ్రాంత ఉద్యోగులు, పొదుపు సంఘముల స్త్రీలు కూడ చేరవచ్చును. అయితే ఇది జీతపు కొలువు గాదు. పని అప్పగించిన దినములకు గౌరవభృతి మాత్రమే. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఇందిరా క్రాంతి పథము క్రింద గ్రామ పారాలీగళ్లు పేదల భూమి కాగితములను సరిచేయించుటలో పాటుపడిరి. వారిలో వకీళ్లు కానివారే మన గ్రామములకు దగ్గఱివారు.

మన కులవృత్తికి ఈ జ్ఞానము మిక్కిలి అవసరము. సహకార సంఘములో బకాయి తగవు వచ్చిన, 1964వ సంవత్సరపు సహకార సంఘముల చట్టము క్రింద రిజిస్ట్రారుకు విన్నవించు మార్గమున్నది. చేమగ్గమునకు కేటాయించిన వస్త్రములను మరమగ్గముపై నేయరాదని 1985వ సంవత్సరపు చట్టము చెప్పుచున్నది. ఈ రెండు చట్టముల పేర్లయినను మన సంఘముల గుమాస్తాలలో ఎందఱెఱుగుదురు? సూరతుకును, భివండికిని, షోలాపురమునకును పోయిన మనవారి రేషను, కూలి, నష్టపరిహారముల కాగితములు వ్రాయువారెవరు?

కావున మూలతీర్మానమునకు నేనొక సవరణ ప్రతిపాదించుచున్నాను. జీవనోపాధికై ఊరు విడిచి ఈ సర్టిఫికేటు చదువువారికి నిధినుండి రుసుము చెల్లింపరాదు. వారు న్యాయశాస్త్రమే చదువగోరిన, ప్రవేశపరీక్ష వ్రాయుటకు తోడ్పడవలెను. సహకార సంఘముల గుమాస్తాలు, దస్తావేజు లేఖరులు, ఇంటివద్ద పని చేయు స్త్రీలు దూరవిద్యద్వారా చదివినచో సగము రుసుము ముందును, మిగిలిన సగము ఉత్తీర్ణులైన తరువాతను ఈయవలెను. అట్లు సహాయము పొందినవారు ఒక సంవత్సరము, వారమున కొకపూట మన సంఘ భవనమున కూర్చుండి కాగితములు వ్రాసిపెట్టవలెను. మొదటి పూటకు మా తమ్ముని కుమార్తె వచ్చెదనని మాట యిచ్చినది. సభ్యులలో ఎవరేని ఈ సవరణను బలపఱుతురేని, అధ్యక్షులవారు దానిని ఓటుకు పెట్టవలెనని కోరుచున్నాను.