కాన్పు దారి

వెడల్పైన నడుము గల స్త్రీకి కాన్పు సులభమని పెద్దలనుట మేమును వినియున్నాము. పైకి కనబడు నడుము వేరు, లోపలి ఎముకల దారి వేరు. 1933లో కాల్డ్వెల్, మొలాయ్ అను అమెరికా వైద్యులు కటివలయమును నాలుగు ఆకృతులుగా విభజించిరి. గుండ్రని దానిలో ద్వారము అడ్డముగా సుమారు 13 సెంటీమీటర్లు. శిశువు తల అడ్డుకొలత 9.5. అడ్డముగా దిగిన తల నడుమ తిరిగి వెలికి రావలెను. హృదయాకార కటిలో ఇరుప్రక్కల ఎముకల మొనలు లోనికి పొడుచుకొని యుండుటచే తల తిరుగలేక నిలిచిపోవచ్చును. అయినను శిశువు కపాలము కొంత ఒదుగును, తల్లి కీళ్లు సడలును. కనుక ఎక్స్‌రే కొలతలు ముందుగా తీర్పు చెప్పజాలవు. నొప్పులే పరీక్ష. ఎంతకును తల దిగనిచో అప్పటికప్పుడు సిజేరియన్ తప్పదు. కోడలు ఓర్చుకొనలేదని నిందించుట అన్యాయము. అట్టి తల్లులకే మరుకాన్పు మామూలుగా జరిగిన సందర్భములును గలవు.