ఆకలి ఎరిగిన యంత్రము

ఆళ్లగడ్డ శిల్పి చెక్కిన నందికి ఆకలి లేదు. నంద్యాల చేలలో కాడి దించిన ఎద్దు కుడితి తొట్టి కడకు తానే నడచును. యంత్రమును మనము రాతినందితోనే పోల్చుచుంటిమి.

1940ల చివర బ్రిస్టల్ నగరమున గ్రే వాల్టర్ తాబేలు వంటి యంత్రములను చేసెను. బ్యాటరీ తగ్గగనే అవి వెలుగును గురుతుగా గొని గూటికి చేరి, విద్యుత్తు నింపుకొనెడివి.

2023లో శ్రీహరికోట నుండి వెడలిన చంద్రయాన్-3లోని ప్రజ్ఞాన్ రోవరు ఎండనే మేతగా గొని చంద్రునిపై 100 మీటర్లకు పైగా నడచెను. అది ఒక్క పగటి పనికై నిర్మించినది. రాత్రికి ముందు బ్యాటరీ నింపి నిద్రపుచ్చిరి. ఆ రాత్రి మనకు 14 దినములు, చలి ఘోరము. సూర్యుడు మరల ఉదయించెను, ప్రజ్ఞాన్ లేవలేదు.

మేత దొరికిన చాలదు, శ్రోతలారా. చలి కాచు కొట్టమును కావలెను. రైతు ఎరిగిన ఈ మాటను యంత్రము చేయువారును ఎరుగవలెను.