తెలియని పదము – తెలిసిన అక్షరము



భాగవతము చదువుచు, తెలియని పదము రాగానే దాటివేయుట మనలో అనేకులకు అలవాటు. పారాయణము ముగియును, అర్థము మాత్రము మిగిలిపోవును.

మన గోరంట్లలో వెలసిన స్వామి మాధవరాయుడు. ఆ పేరులోని ‘మా’ మన తెలుగు ‘మా’ కాదు, సంస్కృతమున లక్ష్మి. ధవుడనగా భర్త. ఇది ఎరిగినవారికి ఉమాధవుడెవరో వేరుగా చెప్పవలెనా?

నీటికి కరవైన సీమ గనుక నీటి పేర్లనే చూతము. జలము, నీరము, అంబువు, వారి, తోయము – అన్నియు నీళ్లే. చివర ‘దము’ చేరినచో నీటిని ఇచ్చునది, మేఘము. ‘ధి’ చేరినచో నీటిని నిలుపుకొనునది, సముద్రము. ‘జము’ చేరినచో నీట పుట్టినది, తామర. ఐదు మాటలు, మూడు తోకలు తెలిసిన పదునైదు పదములు మనవగును.

అయినను ఊహకు హద్దు కలదు. గజేంద్రమోక్షమున ‘కరి’ ఏనుగు, కరిమబ్బులో నలుపు. అక్కడ ఏనుగును వెదకినచో వాన కురియదు! పయస్సు నీరును అగును, పాలును అగును. కావున పయోధరము మేఘమో, తల్లి స్తనమో ముందువెనుకల వాక్యములే చెప్పవలెను.

అప్పటికిని తేలనిచో 1885లో వెలువడిన బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరము కలదు. మొదట మీ ఊహను పుట అంచున పెన్సిలుతో వ్రాసి, పిమ్మట దానిని విప్పి చూడుడని మా మనవి.