మూత్రపిండవ్యాధియందు గ్రుడ్డు పథ్యమా, అపథ్యమా?

(మన సంఘము యొక్క వార్షిక మహాసభలో చేయబడిన యుపన్యాసము)



విద్యార్థివేతనములను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు పెద్దలు ప్రసంగించిరి. మేము వంటయింటికి సంబంధించిన విషయమొకటి మనవి చేయుదుము. శ్రీకాకుళము జిల్లా ఉద్దానమునందు, కవిటి, సోంపేట, కంచిలి, పలాస ప్రాంతములలో, మూత్రపిండవ్యాధి యెన్ని కుటుంబముల గూల్చినదో మీరెఱుగుదురు. అచ్చటి వ్యాధికి మూలకారణ మిదియని నేటికిని నిశ్చయము కాలేదు. ఇతరత్ర మధుమేహమును, రక్తపుపోటును ముఖ్యహేతువులై యున్నవి.

వ్యాధి బయటపడినతోడనే మన యిండ్లలో “గ్రుడ్డు ముట్టరాదు” అను కట్టడి యేర్పడుచున్నది. ఇందు కొంత సత్యము లేకపోలేదు. కాని యది రోగులందఱకును, ఎల్లకాలమును చెల్లునది కాదు.

మాంసకృత్తులు జీర్ణమైన పిమ్మట మిగులు యూరియాను వెడలించుట మూత్రపిండముల పని. అవి బలహీనములైనపుడు, డయాలిసిస్ అవసరపడని రోగికి వైద్యులు మాంసకృత్తులను మితపఱతురు. 60 కిలోల బరువుగల వానికి దినమునకు సుమారు 36 మొదలు 48 గ్రాములు చాలును. డయాలిసిస్ ఆరంభమైన పిమ్మట లెక్క మాఱును. రక్తము శుద్ధియగునపుడెల్ల దేహపుష్టికి వలయు సారము కొంత వెడలిపోవును. కావున ఆ మనుష్యునికే 60 మొదలు 72 గ్రాములు కావలెను. అయినను ఇంటివారు భయముచే పాతపథ్యమునే సాగింతురు. రోగి నానాటికి కృశించును. యంత్రము రక్తమును శుద్ధిచేయును గాని కండ పెంచజాలదు గదా!

ఒక గ్రుడ్డునందు సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు గలవు. అందు సగమునకు మించి తెల్లసొనలోనే యున్నవి. భాస్వరము మాత్రము దాదాపు అంతయు పచ్చసొనయందే యుండును. మూత్రపిండములు చెడినపుడు భాస్వరము రక్తమున నిలిచి యెముకలను గుల్లచేయును, రక్తనాళములను గట్టిపఱచును. కావున డయాలిసిస్ రోగికి తెల్లసొన మిక్కిలి యనుకూలమైన యాహారము. రెండు తెల్లసొనలచే 7 గ్రాములు లభించును. పచ్చసొన యెంతవఱకు తగునో రక్తపరీక్ష చూచి వైద్యుడే చెప్పవలెను. గ్రుడ్డును బాగుగా ఉడికించి, ఉప్పు తగ్గించి పెట్టవలెను. పచ్చిగ్రుడ్డు పనికిరాదు, ప్రక్కన ఆవకాయయు తగదు.

నియమముచే గ్రుడ్డు తినని వారిని నిర్బంధింపరాదు. వారికి పప్పు, పెరుగు మొదలగువానిలో ఏది యెంత తగునో వైద్యులే నిర్ణయింతురు.

వడ్డించు తల్లులకు మా విన్నప మొక్కటియే: పథ్యమును పొరుగువారి మాటపై గాక, వ్యాధి యేదశయందున్నదో వైద్యునడిగి నిర్ణయింపుడు. పోషకులకు మఱియొకటి: డయాలిసిస్ సాధారణముగా వారమునకు మూడు పర్యాయములు జరుగును. ఆ దినములయందు మన బీదరోగులకు ప్రయాణవ్యయమును, ఉడికించిన రెండు తెల్లసొనలును సంఘనిధినుండి లభించునట్లు ఈ సభ తీర్మానింపవలెనని వేడుచున్నాము. ఆకలితో బక్కచిక్కిన రోగికి ఔషధమును పూర్ణముగా పనిచేయదు.