పెట్టెపైని అంకె – లోపలి దారి



హైదరాబాదులో ఒకే ఇంటికి రెండు సంఖ్యలుండుట సామాన్యము. కాలనీకి లేఅవుటు వేసిననాడు పుట్టిన ప్లాటు సంఖ్య యొకటి; ఇంటిపన్ను కొరకు ఇచ్చిన డోరు నంబరు వేరొకటి. నగరములోని పాత డోరు నంబర్లలో చిన్నగీతలతో విడదీసిన మూడంకెలు కనబడును. మొదటిది వార్డు, రెండవది బ్లాకు, మూడవది ఇల్లు. రెండు సంఖ్యలును సత్యములే. కాని ఒకదానినిబట్టి రెండవదానిని ఊహింపరాదు. రెంటిని కలుపు పట్టిక యొకటి యుండవలయును.

నేటి నా ప్రసంగమునకు విషయము సర్వరనెడి కంప్యూటరు యంత్రము. దానియందును సరిగా ఈ చిక్కే కలదు.

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిమ్మట హైటెక్ సిటీ చుట్టును కంప్యూటరు కార్యాలయములు వెలసినవి. వానిలో పనిచేయు యువతీయువకులు కూకట్‌పల్లికి సమీపముననున్న ప్రగతినగరము మొదలగు కాలనీలలో కాపురములుండిరి. వారిలో కొందరి పని, తామెన్నడును కంట చూడని సర్వరులను కనిపెట్టియుండుట. సర్వరు ఎక్కడనో డేటా సెంటరులో నుండును. దాని క్షేమము తెలుపు తెర ప్రగతినగరములోని బల్లపై నుండును. తెర చూచువానికి పెట్టె కనబడదు. పెట్టెను తాకువానికి తెర కనబడదు.

అర్ధరాత్రివేళ ఒక నెట్‌వర్కు కార్డు చెడినదనుకొందము. తెరముందున్నవాడు ఫోనులో "3బి బస్సుమీది కార్డు పోయినది, మార్చవలయును" అనును. పెట్టెయొద్ద నున్నవాడు "ఇక్కడ 1, 2, 3 అని స్లాట్లకు అంకెలున్నవి, ఏది తీయమందురండీ?" అని యడుగును. ఇద్దరును నిపుణులే, కాని ఇద్దరి భాషలు వేరు. ఊహించి చెప్పి, చెడినదానికి బదులు మంచి కార్డును తీయించినచో, అంతవరకు ఒంటికాలిపై నిలిచిన సర్వరు కూలబడును. అది ఆసుపత్రి సర్వరైనచో రోగుల చీటీలు నిలిచిపోవును. బ్యాంకుదైనచో జీతములు చేరవు. కావున ఈ రెండు భాషలకును నిఘంటువెట్లు కూర్చుకొనవలయునో తెలిసికొందము.

ముందుగా బస్సనగా నేమి? ఊరిలో తిరుగు బస్సునకును కంప్యూటరులోని బస్సునకును పేరు ఒక్కచోటనే పుట్టినది. లాటిను భాషలో "ఓమ్నిబస్" అనగా "అందరికొరకు" అని యర్థము. అందరును పంచుకొను బండి బస్సైనట్లే, కార్డులన్నియు పంచుకొను తీగెల దారియు బస్సైనది. 1981లో ఐబిఎమ్ కంపెనీ వెలువరించిన పర్సనల్ కంప్యూటరులో ఐదు స్లాట్లుండెడివి. అవన్నియు ఒకే దారిపైనివి గనుక కార్డును దేనిలో పెట్టినను ఒక్కటే. అప్పుడు ఈ ప్రశ్నయే లేదు.

1992లో పిసిఐ పద్ధతి వచ్చినది. దానిలో ఒక్కొక్క పరికరమునకు మూడంకెల చిరునామా ఏర్పడినది: బస్సు, డివైసు, ఫంక్షను. బస్సులు 256 వరకును, ఒక్కొక్క బస్సుపై డివైసులు 32 వరకును, ఒక్కొక్క డివైసులో ఫంక్షనులు 8 వరకును ఉండవచ్చును. మన వార్డు, బ్లాకు, ఇల్లు వంటిదే యిది. తొలి పిసిఐ బస్సుపై సెకనుకు 133 మెగాబైట్లు పోగలవు. దానిని ఆ బస్సుపైని కార్డులన్నియు పంచుకొనవలసినదే. అందుచేత సర్వరులలో వంతెనలు, అనగా బ్రిడ్జిలు కట్టి, అనేక బస్సులను నిర్మించిరి. ఏ స్లాటు ఏ బస్సుపై నున్నదను ప్రశ్న అప్పుడు పుట్టినది.

2003 ప్రాంతమున వచ్చిన పిసిఐ ఎక్స్‌ప్రెస్ పద్ధతిలో ప్రతి స్లాటునకును వేరు దారి. ఇది "అందరికొరకు" కాదు. అయినను బస్సను పేరు నిలిచినది, సంఖ్యలును నిలిచినవి. ఒక్కొక్క స్లాటు ఒక్కొక్క వంతెన కిందికి వచ్చుటచే సాధారణముగా దానికొక ప్రత్యేక బస్సు సంఖ్య లభించును. ఈ సంఖ్యలను ఎవరును రేకుపై చెక్కియుంచలేదు. యంత్రము మేల్కొనునపుడెల్ల ఫర్మ్‌వేరు మొదటి కొమ్మను చివరివరకు తడవి, పిదప రెండవ కొమ్మకు పోవుచు సంఖ్యలిచ్చుకొని వచ్చును. తనలోనే వంతెనలు గల కార్డునొకదానిని కొత్తగా పెట్టినచో అది కొన్ని సంఖ్యలను మ్రింగును, తరువాతివి జరుగును. నిన్న 3బి యైనది నేడు 3ఇ కావచ్చును. కావున నిరుడు వ్రాసికొన్న కాగితమును నమ్మి నేడు కార్డు పెరుకరాదు.

ఇక పట్టిక కూర్చు విధము. లినక్సు నడుచు సర్వరులో "ఎల్‌ఎస్‌పిసిఐ" అను ఆజ్ఞ పరికరములను వాని చిరునామాలతో చూపును. కోరినచో వంతెనలు, కొమ్మలు తెలియునట్లు చెట్టు రూపమున గీసి చూపును. "డిఎమ్‌ఐడీకోడ్" అను మరియొక ఆజ్ఞ, యంత్రము చేసినవారు ఫర్మ్‌వేరులో వ్రాసియుంచిన స్లాట్ల పట్టికను చదివి చెప్పును. దానిలో స్లాటు పేరును, దాని బస్సు చిరునామాయు పక్కపక్కనే యుండును. ఈ రెంటిని ఎదురెదురుగా పెట్టి చూచినచో నిఘంటువు సిద్ధమగును. ఐతే కొన్ని యంత్రములలో ఆ చిరునామా కార్డుది గాక, దాని పైనున్న వంతెనది యగును. అప్పుడు చెట్టులో ఒక మెట్టు దిగి చూడవలయును.

ఇచ్చట ఒక గోతిని హెచ్చరించుచున్నాను. ఎల్‌ఎస్‌పిసిఐ బస్సు సంఖ్యను పదునారింటి లెక్కలో చూపును. 2013 నుండి వాడుకకు వచ్చిన లినక్సు నెట్‌వర్కు పేర్లలో అదే సంఖ్య పదింటి లెక్కలో నుండును. కావున "3బి" యన్నను, "ఇఎన్‌పి59ఎస్0" అను పేరులోని 59 అన్నను ఒకే బస్సు. 59 అను బస్సును ఎల్‌ఎస్‌పిసిఐలో వెదకువాడు వేరొక కార్డును పట్టుకొనును. "ఇఎన్‌ఎస్2" వంటి పేరైనచో అది బస్సు సంఖ్య కాదు. ఫర్మ్‌వేరు చెప్పిన స్లాటు సంఖ్య.

పట్టికయు మనుష్యులు వ్రాసినదే కనుక తప్పుండవచ్చును. అందుచే పెట్టె మూయకమునుపే సాక్ష్యము తీసికొనుట మేలు. నెట్‌వర్కు కార్డైనచో "ఎత్‌టూల్" అను ఆజ్ఞతో దాని దీపమును మినుకుమినుకుమనిపింపవచ్చును. పెట్టెయొద్ద నున్నవాడు మినుకుచున్న దీపమును చూచి స్లాటంకె చెప్పును. కార్డుపైని చీటీలో ముద్రించిన సంఖ్యను తెరపైని సంఖ్యతో చదివించి సరిచూచుట రెండవ సాక్ష్యము.

ఈ పట్టిక కార్డు మార్చునాటికే కాదు, కార్డు పెట్టునాటికిని అవసరము. రెండు ప్రాసెసర్లు గల సర్వరులో కొన్ని స్లాట్లు మొదటి ప్రాసెసరునకును, కొన్ని రెండవదానికిని చెందియుండును. రెండవ ప్రాసెసరు పెట్టనిచో దాని స్లాట్లు నోరు తెరచుకొని యుండునే గాని పనిచేయవు. ఒకటి చెడినచో రెండవది ఆదుకొనునని రెండు నెట్‌వర్కు కార్డులు కొని, రెంటిని ఒకే వంతెన కింద పెట్టినవాడు, రెండు బావులు త్రవ్వి ఒకే చేదతో నీరు తోడువానివంటివాడు. చేద పోయిన నాడు రెండు బావులును ఎండినట్లే. మరియు పొడవైన స్లాటంతయు వెడల్పైన దారి కాదు. 16 వరుసల స్లాటునకు లోపల 8 వరుసలకే తీగెలుండవచ్చును. 2010 నాటి మూడవ తరము పద్ధతిలో ఒక్కొక్క వరుసకు సెకనుకు రమారమి ఒక గిగాబైటు చొప్పున, 16కు బదులు 8 గిగాబైట్లే పోవును. పై రూపమును చూచి దారిని లెక్కింపరాదు.

కావున సర్వరు కొన్ననాడే ఒక పూట వెచ్చించి పట్టిక వ్రాయుడు. స్లాటంకె, బస్సు చిరునామా, ఏ ప్రాసెసరు, ఎన్ని వరుసలు, కార్డు సంఖ్య – ఈ ఐదు గడులు చాలును. ఒక ప్రతిని మూతకు లోపలివైపున అంటింపుడు. మరొక ప్రతిని దూరమున తెర చూచువానికి ఇండు. కొత్త కార్డు పెట్టినపుడెల్ల తిరిగి చూచి, తేదీ వేసి దిద్దుడు. అర్ధరాత్రి నిద్రమత్తులో నున్న ఇద్దరు మనుష్యులు ఫోనులో ఒకరినొకరు నమ్మవలసివచ్చినపుడు, ఆ కాగితమే వారికి ఉమ్మడి భాష.